అయిదు తీగల మాండలిన్, ముంబయి రాత్రి

మా నర్సింహులపేటలో చిరుతల రామాయణం ఆడినన్నాళ్లు హార్మోనియం పెట్టె వాయించిన పెద్దాయనకు మొన్న ఫోనులో ఒక పాట వినిపించాను. తబలా, గిటార్, మధ్యలో మాండలిన్. కాసేపు చెవి ఒగ్గి, "తెలుగు పాటనే గద బిడ్డా!" అన్నాడు.

నిజమే. త్యాగయ్య బంగాళ రాగ కృతి ‘గిరిరాజ సుత’ అది. పాడింది శంకర్ మహదేవన్. 2000 డిసెంబరు 8, 9 తేదీల్లో ముంబయిలో శ్రోతల ఎదుటే రికార్డు చేసిన ‘సాటర్డే నైట్ ఇన్ బాంబే’లోది. బృందం పేరు ‘రిమెంబర్ శక్తి’. జాజ్ గిటార్ జాన్ మెక్‌లాఫ్లిన్‌ది, తబలా జాకిర్ హుస్సేన్‌ది, ఖంజీర సెల్వగణేశ్‌ది, మాండలిన్ మన పాలకొల్లు ఉప్పలపు శ్రీనివాస్‌ది.

శ్రీనివాస్ 1969 ఫిబ్రవరి 28న పుట్టాడు. తండ్రి సత్యనారాయణ క్లారినెట్ విద్వాంసుడు. ఇంట్లో ఉన్న మాండలిన్‌ను ఆరేళ్ల వయసులో చేతికెత్తుకున్నాడు. నేర్పిన గురువు రుద్రరాజు సుబ్బరాజు చెంబై వైద్యనాథ భాగవతార్ శిష్యుడు. ఆయనకు మాండలిన్ వాయించడం రాదు. ఆయన పాడేవారు, పిల్లవాడు తీగల మీద పలికించేవాడు. ఇదే శ్రీనివాస్‌కు దక్కిన పెద్ద అదృష్టమని నేను నమ్ముతాను. మాండలిన్ తెలిసిన గురువైతే ఆ వాయిద్యానికి వచ్చినవే నేర్పి ఉండేవాడు. సుబ్బరాజు దానికి రానిది అడిగారు.

మాండలిన్‌కు రానిది గమకం. జంటజంటగా ఎనిమిది తీగలుంటాయి. మీటగానే నాదం చప్పున ఆరిపోతుంది. తీగను పక్కకు లాగి స్వరాన్ని ఊపుదామంటే రెండూ ఒకే తీరుగా లాగాలి, అది వేళ్లకు గండం. శ్రీనివాస్ జంటలు తీసేసి, ఒంటి తీగలు అయిదు కట్టి, ఎలక్ట్రిక్ మాండలిన్ పట్టాడు. నాదం నిలిచింది, తీగ వంగింది. 1978లో గుడివాడ త్యాగరాజ ఉత్సవాల్లో తొలి కచేరీ, 1981లో మద్రాసు, 1983లో బెర్లిన్ జాజ్ ఉత్సవం.

అటునుంచి మెక్‌లాఫ్లిన్ కూడా ఇదే పని చేశాడు. తొలి ‘శక్తి’ బృందం మొదటి రికార్డు 1975 జూలై 5న అమెరికాలోని లాంగ్ ఐలాండ్‌లో ఒక కళాశాలలో, అదీ కచేరీలోనే. ఆ రోజుల్లో ఆయన తన గిటార్ మెట్ల మధ్య చెక్కను పల్లంగా చెక్కించుకున్నాడు, వీణ తీగలా తన తీగా లాగితే సాగాలని. ఒకరి సంగీతం కోసం ఇంకొకరు తమ సంగీతాన్ని పలచన చేయలేదు. మార్చుకున్నది కర్రను, తీగలను. కలయిక అంటే నాకు ఇదే.

అర్జెంటీనాలో టాంగో సంగీతానికి ఇలాంటి కలయిక తెచ్చినవాడు ఆస్టర్ పియాసోలా. ఆయన వాయిద్యం బాండోనియన్ జర్మనీలో పుట్టింది. తిత్తి ఊదితే లోహపు నాలుకలు పలుకుతాయి, మన హార్మోనియానికి దాయాది. 1954లో పారిస్ వెళ్లి నాదియా బూలాంజే దగ్గర పాశ్చాత్య శాస్త్రీయం చదివాడు. తాను టాంగో వాయించేవాడినని చెప్పడానికి మొదట సిగ్గుపడ్డాడు. ఆమె అది విని, నీ అసలు గొంతు ఇదే, వదలకు అన్నది. 1986లో మాంట్రూ జాజ్ ఉత్సవంలో వైబ్రాఫోన్ వాద్యకారుడు గ్యారీ బర్టన్‌తో ఆయన చేసిన కచేరీ రికార్డుగా నిలిచింది. అందులో టాంగో టాంగోగానే ఉంది.

కచేరీ రికార్డుల మీద నాకు తగని ప్రేమ. స్టూడియోలో తప్పితే మళ్లీ మొదలుపెట్టొచ్చు. ఇక్కడ పక్కవాడు ఏ స్వరం విసిరితే అక్కడికక్కడ జవాబు చెప్పాల్సిందే. శ్రీనివాస్ 2014 సెప్టెంబరు 19న, 45 ఏళ్లకే వెళ్లిపోయాడు. ఆ జవాబులు మనకు మిగిలాయి.

హార్మోనియానికి మాత్రం గమకం రాదన్న మచ్చ అలాగే మిగిలింది. 1940లో ఆలిండియా రేడియో దాన్ని నిషేధిస్తే, ఆ పట్టు సడలడానికి 1971 దాకా ఆగాల్సి వచ్చింది. ఇదంతా చెబుతుంటే పెద్దాయన మాండలిన్ తీగల దగ్గరే ఆగిపోయాడు.

"అయిదేనా?"

"అయిదే, పెదనాయినా."

పాట మళ్లీ పెట్టమన్నాడు. ఒక చేత్తో తిత్తి మెల్లగా కదిలిస్తూ, రెండు మెట్లు ఒకదాని మీదికి ఒకటి జారేటట్టు నొక్కి చూశాడు. తెగింది. మళ్లీ నొక్కాడు.

"నా పెట్టెకు జారుడు ఎట్ల తేవాలె?" అని అడిగాడు.