గోడమీది పాస్‌వర్డ్

నంద్యాల స్టేషన్‌లో రైలు దిగేసరికి ఇంకా తెల్లవారలేదు. బ్యాగు భుజానికి తగిలించుకుని బెంచీ దాకా నడుస్తారు. టీ అందుకునేలోపే జేబులో ఫోన్ టంగుమంటుంది. మీరు చెప్పకుండానే అది రైల్‌వైర్ వైఫైని పట్టేసుకుంది. ఎప్పుడో ఏ గుంటూరులోనో ఒకసారి వాడి ఉంటారు. మీరు మరిచినా అది మరవలేదు.

2016 జనవరిలో రైల్‌టెల్, గూగుల్ కలిసి ముంబై సెంట్రల్‌లో మొదలుపెట్టిన ఈ వైఫై ఇప్పుడు దేశంలో ఆరు వేలకు పైగా స్టేషన్లలో దొరుకుతోంది. ఫోన్ నంబరు ఇస్తే ఓటీపీ వస్తుంది, అది కొడితే మొదటి అరగంట ఉచితం. సేవ మంచిదే, చిక్కంతా ఫోన్ గుర్తుపట్టే పద్ధతిలో ఉంది. పాస్‌వర్డ్ లేని వైఫైకి పేరే ఆనవాలు. పక్క బెంచీ మీద కూర్చున్న మనిషి తన హాట్‌స్పాట్‌కు అదే పేరు పెట్టుకుంటే మీ ఫోన్ తేడా కనిపెట్టలేదు, పిలిచిన వెంటనే వెళ్లి కలుస్తుంది. అందుకే టీ చల్లారేలోపు సెట్టింగుల్లోకి వెళ్లి ఆ పేరు మీద వేలు పెట్టండి. ‘ఆటో కనెక్ట్’ ఆపేయండి.

ఇలా నిజంగా చేసేవాళ్లుంటారా అంటే, ఉన్నారు. 2024లో ఆస్ట్రేలియా పోలీసులు పెర్త్‌కు చెందిన ఒకతన్ని ఇందుకే పట్టుకున్నారు. ఓ విమానం ఎగురుతుండగా, ఆ విమాన సంస్థ వైఫైలాగే కనిపించే మరొకటి సిబ్బంది కంటపడింది. అతని సామానులో చిన్న వైఫై పరికరం దొరికింది. ఆ వైఫైలో కలిసినవాళ్లకు ఓ పేజీ వచ్చేదట, ‘మీ ఈమెయిల్‌తో లాగిన్ అవ్వండి’ అని. అంతే, తాళంచెవులు జనమే తెచ్చి చేతిలో పెట్టేవాళ్లు. రైల్వే వైఫై అడిగేది ఫోన్ నంబరు, దానికొచ్చిన ఓటీపీ. అదే పేరుతో వచ్చిన పేజీ మీ జీమెయిల్ పాస్‌వర్డో, బ్యాంకు కార్డు నంబరో అడిగిందంటే వైఫై కట్టేసి లేవండి. అహోబిలం బస్సుకు వేళవుతోంది కూడా.

బస్సు కిటికీలోంచి శనగ చేలు, కేసీ కాలువ గట్లు వెనక్కి పోతుంటాయి. ఆళ్లగడ్డలో రోడ్డు పక్క షెడ్ల ముందు సగం చెక్కిన దేవుళ్లు దుమ్ములో నిలబడి ఉంటారు. అక్కణ్ణుంచి నల్లమల దగ్గరవుతున్నకొద్దీ సిగ్నల్ గీతలు ఒక్కొక్కటే రాలిపోతాయి.

దిగువ అహోబిలం. లాడ్జిలో సామాను దింపగానే మీ మొదటి ప్రశ్న నీళ్ల గురించి కాదు. కౌంటరు కుర్రాడికి అలవాటే. “పాస్‌వర్డ్ గోడకే రాసినాం సార్, చూస్కోండి” అంటాడు తల ఎత్తకుండా. గోడమీద స్కెచ్ పెన్నుతో పెద్దక్షరాలు. నిన్న దిగినవాళ్లకూ అదే, రేపు దిగబోయేవాళ్లకూ అదే. గదిలో మంచం మీద కూర్చుని చూస్తే ఒకే పేరుతో రెండు నెట్‌వర్కులు కనిపిస్తాయి. పై అంతస్తుకి పెట్టిన రెండో రూటరే కావచ్చు, నూటికి తొంభై పాళ్లు అదే. మిగిలిన పది పాళ్ల కోసం కిందికి దిగి అడగండి. గోడమీద ఉన్న పాస్‌వర్డ్‌తో దొంగ హాట్‌స్పాట్ పెట్టడం ఎవరికైనా చేతనవుతుంది మరి.

అలాగని వణికిపోనక్కర్లేదు. 2010లో ఫైర్‌షీప్ అనే చిన్న ప్రోగ్రాం వచ్చినప్పుడు కాఫీ హోటల్లో కూర్చుని పక్కవాడి ఫేస్‌బుక్‌లోకి దూరిపోవడం ఆటగా ఉండేది. ఆ తర్వాత దాదాపు సైట్లన్నీ రాకపోకల్ని గుప్తంగా ఉంచే హెచ్‌టీటీపీఎస్‌కు మారాయి. మీరు చదివేది, రాసేది మధ్యలో ఎవరికీ అర్థం కాదు. మీరు ఏ సైటుకు వెళ్లారో మాత్రం రూటరు పెట్టినవాడికి తెలియవచ్చు. ‘మీ కనెక్షన్ ప్రైవేట్ కాదు’ అని బ్రౌజర్ ఎర్రగా మొత్తుకుంటే, దాన్ని దాటుకుని ముందుకు పోకపోతే చాలు. తాళం గుర్తు ఉన్నంత మాత్రాన సైటు మంచిదనుకోకండి, దొంగ సైట్లకూ తాళం ఉంటుంది. ఇక ఉచిత వీపీఎన్ పెట్టుకోమని సలహా ఇచ్చేవాళ్లను చూస్తే నాకు నవ్వొస్తుంది. లాడ్జివాడి మీద అనుమానంతో, ముఖమే తెలియని వీపీఎన్‌వాడికి మన నెట్ రాకపోకలన్నీ అప్పగించడం ఏం తెలివి?

సాయంత్రం జీపు డ్రైవర్ వస్తాడు. పావన నరసింహస్వామి గుడి దగ్గరికి అడవి దారి, జీపు మేలు. “అడ్వాన్సు ఏసేయండి సార్, పొద్దున ఆరుకంతా వచ్చేస్తా.” డేటా ఒక్క గీత మీద కొట్టుకుంటోంది. వైఫై మాత్రం నిండుగా ఉంది. ఇక్కడే వేలు తొందరపడుతుంది. నిజానికి యూపీఐ యాప్ మీ సిమ్‌కు, మీ ఫోన్‌కు ముడిపడి ఉంటుంది. పిన్ గుప్తంగానే వెళ్తుంది. వైఫైలోంచి దాన్ని లాగడం తేలిక కాదు. బ్రౌజర్ తెరిచి, గూగుల్‌లో వెతికి, ముందు కనబడ్డ బుకింగ్ సైటులో కార్డు నంబరు కొట్టడమే అసలు ప్రమాదం. యాత్రికుల కోసం దొంగ బుకింగ్ సైట్లు పెడుతున్నారని కేంద్ర సైబర్ నేరాల సమన్వయ కేంద్రం 2025లో హెచ్చరించింది కూడా. డబ్బు సంగతి వస్తే వైఫై ఆపి, వరండాలోకి నడిచి, మీ సిమ్ డేటా మీదే వేయండి. ఇంకా మేలు, జేబులోంచి నోటు తీసి ఇవ్వడం.

“పైన సిగ్నల్ దొరకదు సార్, ఇంట్లోవాళ్లకు ఇప్పుడే ఒక మాట చెప్పేయండి” అంటాడు డ్రైవర్ వెళ్తూ. మ్యాపులు, తిరుగు టికెట్టు ఈ రాత్రికే ఫోన్‌లో దింపుకోండి.

మర్నాడు పావన స్వామిని చూసి జీపు దిగి, ఎగువ అహోబిలం చేరి, గుహాలయం దాటి భవనాశిని వెంట రాళ్ల మీద నడుస్తారు. చేతికర్ర తడి బండ మీద జారుతుంది, ఎక్కడో కోతులు కొమ్మలు ఊపుతుంటాయి. జ్వాలా నరసింహుడి దగ్గర నీటిధార చుక్కలు మొహాన పడతాయి. ఫోన్ ఇప్పుడు ఉత్త కెమెరా.

కిందికి దిగి లాడ్జి చేరగానే అది ఒక్కసారిగా మోగడం మొదలుపెడుతుంది. మెసేజ్ మీద మెసేజ్. మధ్యలో ‘మీ కేవైసీ ఈ రాత్రితో ముగుస్తుంది’ అంటూ ఒక లింకు. కాళ్లు పీకుతున్నాయి, కళ్లు మూతలు పడుతున్నాయి, ఇలాంటప్పుడే మనిషి నొక్కేస్తాడు. వైఫై ఎంత మంచిదైనా ఆ లింకు నుంచి కాపాడలేదు. పడుకోండి, పొద్దున చూసుకోవచ్చు. గది ఖాళీ చేసేటప్పుడు తాళంచెవితో పాటు లాడ్జి వైఫైని కూడా ‘ఫర్‌గెట్’ కొట్టి వదిలేయండి.

ఒకవేళ డబ్బు పోయిందే అనుకోండి, సిగ్గుపడి ఇంటికెళ్లాక చూద్దామనుకోకండి. వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చెబితే ఆ డబ్బును అవతలి ఖాతాలో ఆపే అవకాశం అంత ఎక్కువ. ఆ నంబరుకు వైఫై అక్కర్లేదు, మామూలు కాల్ చాలు.