తుప్పు రాసిన రైలు చరిత్ర

2025 సెప్టెంబరు 27తో స్టాక్టన్–డార్లింగ్టన్ రైలుకు రెండొందల ఏళ్లు నిండాయి. 1825లో ఆ రోజున ఇంగ్లండులో జార్జి స్టీఫెన్‌సన్ ఇంజను కదిలినప్పుడు దాని వెనక జనంతోపాటు బొగ్గు, పిండి మోసే వ్యాగన్లు ఉన్నాయి. అసలు ఆ దారి వేసిందే బొగ్గు కోసం. అయినా రైలు చరిత్ర చెప్పేవాళ్లలో ఎక్కువమంది ఇంజను దగ్గరే ఆగిపోతారు. వ్యాగన్ని తీరిగ్గా చూసినవాళ్లు కొందరున్నారు. వాళ్లు దాన్ని అరచేతిలో పట్టేంత చిన్నగా చేసి, దాని మసిని, తుప్పును, వెలిసిన రంగును కుంచెతో మళ్లీ పుట్టిస్తారు. మోడల్ రైల్వే వాళ్లు ఆ పనిని వెదరింగ్ అంటారు.

మొదట్లో ఈ కళ ఊసే లేదు. 1891లో జర్మనీలోని లైప్‌జిగ్ వాణిజ్య సంతలో మార్క్‌లిన్ కంపెనీ పట్టాలతో సహా బొమ్మ రైలు పెట్టింది. 1920లో లివర్‌పూల్‌లో ఫ్రాంక్ హార్న్‌బీ కీ ఇస్తే నడిచే రేకు రైళ్లు తెచ్చాడు. అవి పిల్లల బొమ్మలు, తళతళలాడటమే వాటి అందం. 1930ల చివర్లో జాన్ అహెర్న్ 'మాడర్ వ్యాలీ' రైల్వేతో ఊరు, కొండ, రైలు కలిసి ఒకే లోకంలా కనిపించే మోడల్ కట్టాడు. అది ఇప్పటికీ ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లోని పెండన్ మ్యూజియంలో ఉంది.

ఈ చరిత్రలో నా మనసుకు బాగా దగ్గరైన మనిషి కాలిఫోర్నియాలోని మాంటెరేలో బతికిన జాన్ అలెన్. 1913లో పుట్టాడు. వృత్తి ఫొటోగ్రఫీ. 'గోర్ అండ్ డఫెటిడ్' పేరుతో ఒక ఊహాలోకపు రైల్వేని, అసలులో 87వ వంతు కొలతలో, ఇంట్లోనే ఏళ్ల తరబడి కట్టుకుంటూ పోయాడు. కొండలు నేలనుంచి పైకప్పు దాకా లేచాయి. చిన్న గది పెద్దదిగా కనిపించేందుకు అద్దాలు అమర్చాడు. పెట్టెలు అటూఇటూ మార్చే పనికి ఇంజను బదులు ఎమ్మా అనే డైనోసార్ బొమ్మను పెట్టాడు. ఇంత సరదా మనిషి వ్యాగన్ల ముస్తాబులో మాత్రం ఎంతో నిష్ఠగా ఉన్నాడు. కొత్త రంగు నిగనిగలాడితేనే గొప్పనుకునే రోజుల్లో ఆయన బళ్లకు ధూళి పట్టించాడు, ఇళ్ల గోడలకు వయసు తెచ్చాడు.

ఇందులో ఫొటోగ్రాఫర్ కన్ను ఉందని నా నమ్మకం. నిగనిగలాడే చిన్న వస్తువు మీద దీపం మెరుపు ఒక్కచోట చిందుతుంది, దాంతో అది బొమ్మేనని కెమెరా పట్టేస్తుంది. మెరుపు చంపిన మ్యాట్ రంగు మీద వెలుగు పరుచుకుంటుంది, వస్తువు పెద్దదిగా, బరువుగా కనిపిస్తుంది. ఆయన ఫొటోలు పత్రికల్లో, మోడళ్ల ప్రకటనల్లో వచ్చేకొద్దీ అమెరికాలో అభిమానుల చూపు మారింది. 1973 జనవరి 6న గుండెపోటుతో అలెన్ పోయాడు. పది రోజులకే ఆ రైల్వే మంటల్లో కాలిపోయింది. ఆ ఫొటోలే లేకపోతే ఆయన పనితనం మనకు దక్కేది కాదు.

బ్రిటన్‌లో ఈ విద్యకు గురువు పదహారు టన్నుల ఉక్కు బొగ్గు వ్యాగన్. తడిసిన బొగ్గులోని గంధకం నీటిలో చేరి పలచటి ఆమ్లమై, రేకును లోపలినుంచి తినేది. బయట బూడిదరంగు ముందు ఉబ్బి, తర్వాత పెచ్చులూడి, అతుకుల వెంట తుప్పు కనిపించేది. పక్కన ఏటవాలుగా ఉండే తెల్లచార, చివర ఉండే తలుపు ఎటువైపుందో కూలీకి చెప్పే గుర్తు. మోడల్ మీద ఆ చారను సగం మాపాలి గానీ మొత్తం చెరిపేయకూడదు. ముందు తుప్పురంగు వేసి, దానిమీద తడి ఉప్పు చల్లి ఆరనిచ్చి, పైన బూడిదరంగు వేస్తారు. ఉప్పును రుద్ది రాలిస్తే పెచ్చులూడినట్టే ఉంటుంది. ఆపైన పలచన చేసిన గోధుమరంగు పూసి, పైనుంచి కిందికి తుడవాలి. వాన కూడా అలాగే జారుతుంది కదా.

1993లో మార్టిన్ వెల్చ్ 'ది ఆర్ట్ ఆఫ్ వెదరింగ్' పుస్తకం వచ్చాక దారులు చీలిపోయాయి. ఎయిర్‌బ్రష్ వాళ్లు ఒకవైపు, పిగ్మెంట్ పొడుల వాళ్లు మరోవైపు. యుద్ధ ట్యాంకుల మోడళ్ల నుంచి, పైరంగును పెచ్చులుగా రాల్చే హెయిర్‌స్ప్రే పద్ధతి వచ్చింది. ఫ్యాక్టరీలే మురికి పట్టించి అమ్ముతున్నాయి. వీటన్నిటినీ ఒక వరసలో పెట్టి కథ చెప్పడం కష్టం. పెట్టెలన్నిటికీ ఒకేలా పూసిన ఫ్యాక్టరీ మురికి మాత్రం నాకు రుచించదు. ఏ రెండు వ్యాగన్లూ ఒకే బతుకు బతకవు.

అది మన దగ్గరే తెలుస్తుంది. కిరండూల్ నుంచి అరకు మీదుగా విశాఖకు ఇనుప ఖనిజం మోసే వ్యాగన్ల ధూళి ఎర్రన, సింగరేణి బొగ్గు మోసేవాటిది నలుపు. విజయవాడ దగ్గర గుంటుపల్లి వ్యాగన్ వర్క్‌షాపులాంటి చోట మరమ్మతు పూర్తయ్యాక పెట్టె మీద తేదీ వేస్తారు. మాసిన ఒంటిమీద ఆ అక్షరాల చోటొక్కటే కొత్తగా మెరుస్తుంటుంది. ఆ ఒక్క చోటును మోడల్ మీద సరిగ్గా దించినవాడికి ఆ వ్యాగన్ ఎన్నాళ్లు పరిగెత్తిందో, ఎప్పుడు ఆగి బాగుపడిందో తెలుసు. రంగు సీసా మూత తీసేముందు గూడ్సు బండి పక్కన నిలబడి ఆ చోటు ఎక్కడుందో వెతకండి.