రేచెల్ బాల్కోవెక్

రేచెల్ బాల్కోవెక్ (జననం: 1987 జూలై 5) అమెరికా సంయుక్త రాష్ట్రాలకు చెందిన బేస్‌బాల్ శిక్షకురాలు, కళాశాల స్థాయి మాజీ సాఫ్ట్‌బాల్ క్రీడాకారిణి. 2019 నవంబరులో న్యూయార్క్ యాంకీస్ సంస్థ ఈమెను తన మైనర్ లీగ్ జట్లకు హిట్టింగ్ కోచ్‌గా నియమించింది. ఒక మేజర్ లీగ్ సంస్థలో పూర్తికాలపు హిట్టింగ్ కోచ్ పదవి పొందిన తొలి మహిళ ఈమె.

బాల్యం, విద్య

ఈమె నెబ్రాస్కా రాష్ట్రంలోని ఒమాహా నగరంలో జన్మించింది. క్రేటన్ విశ్వవిద్యాలయం, ఆ తరువాత న్యూ మెక్సికో విశ్వవిద్యాలయం జట్లలో క్యాచరుగా సాఫ్ట్‌బాల్ ఆడింది. క్రికెట్‌లోని వికెట్ కీపరు వలె క్యాచరు బంతిని కొట్టే హిట్టరు వెనుకనే కూర్చుంటాడు. పిచ్చరుకు సైగలు చేయడం, అతడు విసిరిన బంతిని అందుకోవడం క్యాచరు విధులు. అందువలన ప్రతి బంతి గమనాన్నీ, దానికి హిట్టరు స్పందించే తీరునూ దగ్గరనుండి చూసే అవకాశం ఈ స్థానంలోని వారికి లభిస్తుంది. బాల్కోవెక్ తరువాత లూసియానా స్టేట్ విశ్వవిద్యాలయంలో స్నాతకోత్తర పట్టా పొందింది.

ఉద్యోగ ప్రయత్నాలు

2012లో సెయింట్ లూయిస్ కార్డినల్స్ సంస్థలో తాత్కాలికంగా శారీరక దారుఢ్య శిక్షకురాలిగా పనిచేసి, ఆ ఏడాది అప్పలాచియన్ లీగ్‌లో ఉత్తమ దారుఢ్య శిక్షకురాలి పురస్కారం అందుకొంది. అయినప్పటికీ తరువాత పంపిన దరఖాస్తులకు సమాధానాలు రాలేదు. దరఖాస్తులో తన పేరును స్త్రీపురుషులిద్దరికీ వర్తించే "రే" అని మార్చిన తరువాతనే పిలుపులు వచ్చాయని ఈమె వెల్లడించింది. 2014లో కార్డినల్స్ సంస్థ ఈమెను పూర్తికాలపు ఉద్యోగంలోకి తీసుకొంది. 2016లో హ్యూస్టన్ ఆస్ట్రోస్ సంస్థలో చేరి, లాటిన్ అమెరికా ఆటగాళ్ళతో మాట్లాడేందుకు స్పానిష్ భాష నేర్చుకొంది.

హిట్టింగ్ శిక్షణ

పిచ్చరు నిలిచే చోటికీ, హోమ్ ప్లేటుకూ మధ్య దూరం 60 అడుగుల 6 అంగుళాలు. గంటకు 90 మైళ్ళ (సుమారు 145 కి.మీ.) వేగంతో విసిరిన బంతి దాదాపు 0.4 సెకనులో హిట్టరును చేరుతుంది. బంతి రకాన్ని గుర్తించి, కొట్టాలో వదలాలో నిర్ణయించుకోవడం ఈ వ్యవధిలోనే జరగాలి. కనుక హిట్టరుకు భుజబలం ఎంత అవసరమో చూపు కూడా అంతే అవసరం. బాల్కోవెక్ ఈ అంశాన్నే తన అధ్యయనానికి ఎంచుకొంది. స్థిరమైన ఉద్యోగం వదలి నెదర్లాండ్స్ వెళ్ళి, ఆమ్‌స్టర్‌డామ్‌లోని వ్రైయె విశ్వవిద్యాలయంలో మానవ చలన శాస్త్రంలో రెండవ స్నాతకోత్తర విద్య అభ్యసించింది. డ్రైవ్‌లైన్ బేస్‌బాల్ సంస్థలో హిట్టర్ల కనుపాపల కదలికలపై పరిశోధన చేసింది. ఈ అనుభవమే యాంకీస్ సంస్థలో ఉద్యోగానికి తోడ్పడింది. కోవిడ్-19 కారణంగా 2020 మైనర్ లీగ్ పోటీలు రద్దు కావడంతో, 2021లో ఫ్లోరిడాలో యువ హిట్టర్లకు శిక్షణనిచ్చింది.

మేనేజరుగా

బేస్‌బాల్‌లో ప్రధాన శిక్షకుని మేనేజరు అంటారు. 2022 జనవరిలో ఈమె టాంపా టార్పన్స్ జట్టుకు మేనేజరుగా నియమితురాలైంది. మేజర్ లీగ్ సంస్థలకు అనుబంధమైన జట్టుకు ఈ బాధ్యత పూర్తికాలం వహించిన తొలి మహిళ ఈమెయే. అదే ఏడాది ఏప్రిల్ 8న లేక్‌లాండ్ జట్టుపై ఆడిన తొలి ఆటలో ఈమె జట్టు 9-6 తేడాతో గెలిచింది. 2023 వరకు ఆ పదవిలో కొనసాగింది. 2024 జనవరిలో మయామీ మార్లిన్స్ సంస్థ ఈమెను క్రీడాకారుల అభివృద్ధి విభాగానికి డైరెక్టరుగా నియమించింది.