తట్ట నుంచి ట్యాంకు దాకా

పాకీదొడ్ల రోజుల్లో శుభ్రానికి రోజూ లెక్కుండేది. పెరటి దారిన తట్ట, చీపురుతో ఎక్కువగా దళిత స్త్రీలే వచ్చేవారు. దూరంగా నిలబడి వాళ్ళకి మిగిలిన అన్నం వేసిందీ స్త్రీలే. ఈ ముక్కని మన చరిత్రల్లో మనం తేలిగ్గా దాటేస్తాం.

సెప్టిక్ ట్యాంకు వచ్చాక ఆ పని ఏళ్ళకోసారికి మారింది. రెండు మూడేళ్ళకోసారి తీయించాలంటారు నిపుణులు. మనం పొంగేదాకా పిలవం. ట్యాంకరు ఖర్చు మగవాళ్ళ లెక్కల్లో ఎప్పుడూ వచ్చే నెలకే. ఈలోగా వెనక్కి తన్నిన బాత్రూం కడిగేది ఎవరో చెప్పక్కర్లేదు. ఏళ్ళ తరబడి గట్టిపడిన మడ్డి పైపుకి లొంగదు. అప్పుడు మనిషిని దించుతారు. లోపలి విషవాయువుకి వాసన కూడా తెలియకుండానే మనిషి కూలిపోతాడు.

1993 చట్టం పాకీదొడ్లని నిషేధించింది. రక్షణ లేకుండా మనిషిని ట్యాంకులోకి దించడం నేరమనడానికి 2013 దాకా పట్టింది. అలా చనిపోయినవాళ్ళ కుటుంబాలకి 10 లక్షలివ్వమని 2014లో సుప్రీంకోర్టు చెప్పింది. 2023లో సీవరు మరణాలకి దాన్ని 30 లక్షలు చేసింది. ఆ డబ్బుకోసం కాగితాలు పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరిగేది భార్యలు. వాళ్ళలో ఒకప్పుడు తట్ట మోసినవాళ్ళ కోడళ్ళూ ఉన్నారు.