ఫుల్కారీకి ధర ఎవరు కట్టాలి?

ఒకప్పుడు పంజాబీ ఇళ్లలో ఫుల్కారీ అమ్ముకునే వస్తువు కాదు. ముతక ఖద్దరు మీద మెరిసే పట్టుదారంతో ఆడపిల్ల పెళ్లి కోసం ఇంటి పెద్దవాళ్లు కుట్టి దాచేవారు. బట్టను తిరగేసి, వెనుకవైపు నుంచి నూలుపోగులు లెక్కపెట్టుకుంటూ కుడితే పువ్వు రెండోవైపున తేలుతుంది. ఖద్దరు కనపడకుండా నిండా కుట్టినదాన్ని బాగ్ అంటారు. అది పూర్తవడానికి నెలలు పడుతుంది, ఒక్కోసారి ఏడాది దాటుతుంది.

1947లో దేశం చీలినప్పుడు అలాంటి బట్టలు మూటల్లో ఇటు చేరాయి. పెళ్లికని దాచినవాటిని గింజల కోసం అమ్ముకున్న ఇళ్లున్నాయి.

నేను కుట్టుపని నేర్పుతూ బతికినదాన్ని. కాజాల దగ్గర్నుంచి జాకెట్టు కత్తిరింపు దాకా ఎంతోమందికి నేర్పాను. అందుకే ఈ చరిత్ర చదివినప్పుడల్లా నా మనసు ఆ ధర దగ్గరే ఆగిపోతుంది. ఏడాది చాకిరీకి ఎంత అడగాలో అలా అమ్ముకున్న తల్లికి ఎవరు చెప్పారు?

ఆ విభజనతో ఢిల్లీకి దాదాపు 5 లక్షల మంది శరణార్థులు వచ్చారు. కురుక్షేత్ర శిబిరం ఒక్కటే ఒక దశలో సుమారు 3 లక్షల మందితో నిండింది. సంపాదించే మగదిక్కు లేని స్త్రీల కోసం పునరావాస శాఖ ఒక ప్రత్యేక విభాగం పెట్టి, దాన్ని రామేశ్వరీ నెహ్రూకు అప్పగించింది. లాజపత్ నగర్‌లోని కస్తూర్బా నికేతన్ లాంటి చోట్ల తలదాచుకోవడానికి నీడ దొరికింది, చేతికి పని దొరికింది. ఆ పని చాలావరకు కుట్టు, అల్లిక, ఎంబ్రాయిడరీ. ఆ నీడ విలువ నేను తక్కువ చెయ్యను. కానీ వందల చేతులు ఒకే పని నేర్చుకుంటే కొనేవాళ్లెవరు? నేర్పడం సులువు. అమ్మించడం కష్టం.

ఆ కష్టమైన సగాన్ని పట్టుకున్న మనిషి కమలాదేవి చట్టోపాధ్యాయ. 1948లో ఇండియన్ కోఆపరేటివ్ యూనియన్ పెట్టారు. ఢిల్లీ పక్కన ఛత్తర్‌పూర్‌లో శరణార్థుల సేద్యంతో మొదలై, వాయవ్య సరిహద్దు నుంచి వచ్చినవాళ్లకోసం కట్టిన ఫరీదాబాద్ దాకా ఆ సంఘం పని సాగింది. అందులో నాకు అన్నిటికంటే గొప్పగా తోచేది కొట్టు. ఢిల్లీలో ప్రభుత్వం 1948లో తెరిచిన సెంట్రల్ కాటేజ్ ఇండస్ట్రీస్ ఎంపోరియం నిర్వహణను 1952లో ఈ యూనియన్ చేతికిచ్చారు. ఎల్.సి. జైన్, హంగరీలో పుట్టి ఇక్కడికి కోడలిగా వచ్చిన ఫోరీ నెహ్రూ లాంటివాళ్లు దానికోసం పాటుపడ్డారు. కొట్టంటూ ఉంటేనే ఏ రంగు పోతోంది, ఏ దుప్పటి మూలన పడి ఉంది, మళ్లీ ఎన్ని కుట్టాలి అన్న కబురు కుట్టేవాళ్లకు చేరుతుంది. ఏ తరగతి గదిలోనూ అది దొరకదు.

కమలాదేవి ఆ తర్వాత అఖిల భారత హస్తకళల బోర్డుకు అధ్యక్షురాలయ్యారు. మన శ్రీకాళహస్తిలో ఆరిపోతున్న కలంకారీకి 1957లో శిక్షణ కేంద్రం వచ్చింది ఆ బోర్డు చలవతోనే.

మన దుర్గాబాయి దేశ్‌ముఖ్ ఇంకో వైపు నుంచి వచ్చారు. ఆమె తొలి అధ్యక్షురాలిగా ఉన్న కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు 1958లో, బడి మానేసిన పెద్ద వయసు స్త్రీలకు కొద్ది కాలంలోనే చదువు పూర్తిచేయించే కోర్సులు మొదలుపెట్టింది. సూది కంటే ముందు అక్షరం కావాలన్న ఆ పట్టుదలకు నేను చేతులెత్తి మొక్కుతాను. పద్దు రాసుకోలేని మనిషి ఎంత బాగా కుట్టినా బేరంలో ఓడిపోతుంది.

నా క్లాసులో కత్తెర ముట్టకముందే నోటుబుక్కు తెరిపించేదాన్ని. బట్ట, దారం, గుండీలు, కరెంటు, పట్టిన గంటలు అని గడులు గీయించేదాన్ని. గంటల గడి దగ్గర అందరూ ఆగిపోయేవారు. "ఇంట్లో కూచుని చేసేదానికి గంటల లెక్కేంటి టీచరుగారూ?" అనేవారు. ఆ గడి నింపితేగానీ తర్వాతి పాఠం మొదలుపెట్టేదాన్ని కాదు.