దేవుని మాన్యం : శిలాశాసనం నుండి పట్టా పుస్తకం వరకు

ఆలయ జీర్ణోద్ధరణ పూర్తియై, మహాకుంభాభిషేకానికి భక్తులందరూ తరలివచ్చుచున్న ఈ శుభవేళ అందరి చూపు నూతన గోపురం మీద, స్వర్ణ కలశం మీద నిలుచుట సహజం. కాని గర్భాలయంలో వెలిగే దీపానికి నూనె ఎక్కడి నుండి వచ్చుచున్నదో ఒక్క క్షణం ఆలోచింపవలసి ఉన్నది. ఎక్కడో ఊరి చెరువు క్రింద ఒక కయ్య ఉన్నది. దాని పంటలోనే స్వామికి నైవేద్యమున్నది. గోపురం బీటలు వారినచో అందరికీ కనబడును. మాన్యం చేజారినచో ఎవరికీ కనబడదు. దానం చేయుట కంటె, చేసిన దానాన్ని కాపాడుట మిన్న అని మన ధర్మశాస్త్రాలు ఘోషించినది ఇందుకే.

మన ప్రాంతంలో దేవుని ఆస్తికి తొలి పత్రాలు ఆలయ కుడ్యాలే. ఏర్పేడు మండలంలోని గుడిమల్లం పరశురామేశ్వరాలయ శాసనాలు భూమిని, ధనాన్ని, గోవులను దానమిచ్చిన వారిని పేర్కొన్నవి. తిరుమలలో క్రీ.శ. 966 నాటిదిగా చరిత్రకారులు నిర్ణయించిన శాసనం, పల్లవ రాణి సామవై భోగశ్రీనివాసమూర్తి రజత విగ్రహాన్ని, ఆభరణాలను సమర్పించి, ఉత్సవాల నిర్వహణకై భూములను ఇచ్చినట్లు చెప్పుచున్నది. ఆ దంపతులెవరు, వారి కోటలెక్కడ అని వెదకవలసిన పని లేదు. వారి దానం మాత్రం రాతిపై నిలిచినది. సాధు సుబ్రహ్మణ్యశాస్త్రిగారు దేవస్థాన శాసనాలను పరిష్కరించి ప్రకటించుట వలన వేయికి పైగా ఉన్న ఈ సంపద లోకానికి తెలిసినది.

ఈ శాసనాలను జాగ్రత్తగా చదివినచో నేటి దస్తావేజులోని అంశాలన్నీ కనబడును. దాత ఎవరు, గ్రహీత ఏ దేవుడు, భూమి ఎల్లలేవి, దాని ఆదాయం ఏ కైంకర్యానికి వినియోగింపవలెను, సాక్షులెవరు అన్నవి వరుసగా ఉండును. చివర, ఈ ధర్మానికి హాని చేసినవాడు మహాపాపం పొందునన్న శాపోక్తి ఉండును. న్యాయస్థానానికి మారుగా ఆనాడు పాపభీతి పనిచేసినది. గోడపై చెక్కుట వలన ఊరివారందరూ ఆ దానానికి సాక్షులయినారు.

విజయనగర కాలంలో ఈ వ్యవస్థ మరింత పరిపక్వమయినది. భక్తులు సమర్పించిన ధనాన్ని శ్రీభండారం వారు దేవుని గ్రామాలలో చెరువులు, కాలువలు త్రవ్వించుటకు వినియోగించి, పెరిగిన పంటతో నిత్య నైవేద్యాలు జరిపించినారు. ప్రసాదంలో నాలుగవ వంతు దాతకు చెందునట్లు ఏర్పాటు చేసినారు. దానమూ, వ్యవసాయమూ, ఆలయమూ ఒకదానినొకటి పోషించుకొన్న కాలమది.

తరువాత ఈస్టిండియా కంపెనీ పాలన వచ్చినది. 1801లో తిరుమల ఆలయ నిర్వహణ కంపెనీ చేతిలోనికి పోయినది. 1817 నాటి మద్రాసు రెగ్యులేషను ధర్మాదాయ ఆస్తులపై రెవిన్యూ బోర్డు పర్యవేక్షణను ఏర్పరచినది. 1843లో తిరుమల నిర్వహణ హాథీరాంజీ మఠ మహంతులకు అప్పగింపబడినది. ఆస్తి హక్కుల విషయంలో అసలైన మలుపు 1858లో ఏర్పడిన ఇనాం కమిషను. ప్రతి ఇనాందారుని పిలిపించి, ఈ మాన్యం ఎవరిచ్చినది, ఏ సేవకై ఇచ్చినది, ఇప్పుడెవరి అనుభవంలో ఉన్నది అని విచారించి, ఇనాం ఫెయిర్ రిజిస్టరులో వ్రాసి, టైటిల్ డీడ్ ఇచ్చినారు. దానినే మనవారు టి.డి. నంబరు అందురు. అనేక ప్రాచీనాలయాల మాన్యాలకు నేటికీ మూలాధారం ఈ రిజిస్టరే.

ఇక్కడ రెండు సూక్ష్మాలను గ్రహింపవలెను. మొదటిది: కొన్ని మాన్యాలలో దేవునికి ఇచ్చినది ప్రభుత్వ భాగమైన మేల్వారం మాత్రమే. సాగు హక్కయిన కుడివారం రైతుదే. తాతలనాటి మాన్యమంతా గుడిదేనని అనుకొనువారు ఈ భేదాన్ని తెలిసికొనవలెను. రెండవది: దేవుని పేరనే ఉన్న మాన్యాలు ఒక తెగ, అర్చకులు, మేళగాండ్రు మొదలైనవారి సేవకై ఇచ్చినవి మరియొక తెగ. 1956 నాటి ఇనాముల రద్దు, రైత్వారీ మార్పిడి చట్టం (37వ చట్టం) క్రింద తహసీల్దారు మొదట తేల్చవలసినది, భూమి ఇనామా కాదా, సంస్థ అధీనంలో ఉన్నదా లేదా అన్నదే. తరువాతనే రైత్వారీ పట్టా. ఆ విచారణలో ఆలయం పక్షాన కాగితం చూపువారు లేనిచోట సేవ చేయువారి పేరే హక్కుదారు పేరుగా నిలిచిన సందర్భాలు కలవు.

దేవుడు చట్టం దృష్టిలో హక్కులు కలిగిన వ్యక్తి. 1925లో ప్రివీ కౌన్సిలు, 1969లో సుప్రీంకోర్టు ఈ మాటనే చెప్పినవి. అయితే తన ఆస్తికై తాను వచ్చి పలుకలేడు గనుక ధర్మకర్తలు, అర్చకులు, భక్తులు దానిని కాపాడవలెనని 2007లో సుప్రీంకోర్టు హెచ్చరించినది. భూమి రికార్డులో యజమాని స్థానంలో దేవుని పేరే ఉండవలెననీ, పూజారి సేవకుడే గాని యజమాని కాడనీ 2021లో మరల స్పష్టపరచినది.

మన జిల్లాలో మరియొక చిక్కు కలదు. ఒకే కయ్య చిరునామా పలుమార్లు మారినది. పాత కాగితాలలో ఉత్తర ఆర్కాటు జిల్లా, చంద్రగిరి తాలూకా అని ఉండును. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినది. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చినవి. 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా వేరయినది. ఈ నడుమ 1984లో కరణాల వ్యవస్థ రద్దగుటతో, గట్టుగట్టునా చెప్పగలిగిన నోటి జ్ఞాపకం కూడ చెదరినది. కావున టి.డి. నంబరు నుండి పాత సర్వే నంబరుకు, దాని నుండి నేటి సబ్‌డివిజనుకు, అడంగల్, 1-బి, ఎఫ్.ఎం.బి. పటాలకు గొలుసు తెగకుండ చూచుకొనవలెను.

భూదానం చేయదలచిన దాతలకు కొన్ని మనవులు. రిజిస్ట్రేషను దస్తావేజును నమోదు చేయునే గాని అందులోని హక్కుకు పూచీ పడదు. హక్కుకు ప్రభుత్వమే హామీ ఇచ్చుటకై మన రాష్ట్రంలో వచ్చిన 2022 నాటి భూమి హక్కుల చట్టం 2024లో రద్దయినది. అందువలన మూల దస్తావేజులు, ఋణభార పత్రం పరిశీలించుట నేటికీ తప్పదు. దానపత్రం ధర్మకర్త పేర గాని, కమిటీ అధ్యక్షుని పేర గాని కాక, స్వామివారి పేరనే ఉండవలెను. చెక్కుబందీ, సర్వే నంబరు, విస్తీర్ణం స్పష్టముగా వ్రాసి, ఆదాయం ఏ సేవకో తెలుపవలెను. తరువాత రెవిన్యూ రికార్డులలో పేరు మార్పించి, 1987 నాటి దేవాదాయ చట్టం (30వ చట్టం) 43వ సెక్షను క్రింది రిజిస్టరులో చేర్పింపవలెను.

ఈ ఒక్క పని చేసినచో మిగిలిన రక్షణలు వెంట వచ్చును. ఆ చట్టం 80వ సెక్షను ప్రకారం ముందస్తు అనుమతి లేనిదే దేవుని స్థిరాస్తిని అమ్మరాదు. 83వ సెక్షను ఆక్రమణలను తొలగించు మార్గం చూపుచున్నది. 2007లో రిజిస్ట్రేషను చట్టంలో చేరిన 22-ఏ సెక్షను, దేవుని భూములకు అన్యులు దస్తావేజు వ్రాసికొనకుండ అడ్డుపడును. కాని ఆ సర్వే నంబరు నిషేధిత జాబితాలో ఉన్నప్పుడే సబ్‌రిజిస్ట్రారుకు తెలియును. చట్టం కాపలాదారు వంటిది. ఏ ఇంటిని కాయవలెనో మనమే చూపింపవలెను.

పూర్వులు దానాన్ని గోడపై చెక్కి ఊరందరినీ సాక్షులను చేసినారు. నేడు మనమూ ముఖమండపంలో ఒక రాతిపలకపై స్వామివారి భూముల సర్వే నంబర్లు, విస్తీర్ణం, హద్దులు చెక్కించినచో, దర్శనానికి వచ్చిన ప్రతి భక్తుడూ దానికి రక్షకుడగును. దాతల పేర్ల ప్రక్కన ఆ దానం ఎక్కడ ఉన్నదో కూడ నిలిచినప్పుడే ఈ జీర్ణోద్ధరణ సంపూర్ణమగును.

దాతలకు, దానపాలకులకు శ్రీస్వామివారి అనుగ్రహం ఆచంద్రార్కం కలుగుగాక!