అలాయ్ వీల్స్ మారుస్తున్నారా? ఆఫ్‌సెట్, టైరు సైజు లెక్క ఇదీ

స్పోర్ట్స్ కారు కొన్నవారు మొదట మార్చేది చక్రాలే. ఫెండర్ అంచు వరకు వచ్చిన వెడల్పాటి అలాయ్ వీల్ చూడటానికి బాగుంటుంది. అసలు పరీక్ష ఆ తర్వాత ఉంటుంది. నలుగురు ఎక్కి స్పీడ్ బ్రేకర్ దాటినప్పుడు టైరు ఫెండర్‌కు ఒరుసుకుంటే ఆ శబ్దం వినిపిస్తుంది. లోపలివైపు సస్పెన్షన్ స్ట్రట్‌కు రాసుకుంటే మాత్రం చాలాసార్లు బయటికి తెలియదు. టైరు పక్కగోడ రోజురోజుకూ అరిగి, హైవే మీద వేగంగా వెళ్తున్నప్పుడు పేలిపోయే ప్రమాదం ఉంది. అందుకే డబ్బు కట్టేముందు కాగితం మీద ఓ చిన్న లెక్క వేసుకోవాలి.

ఇందుకు ఉదాహరణగా 2012లో మార్కెట్లోకి వచ్చిన టయోటా 86ను తీసుకుందాం. వీల్స్ మార్చుకునేవారికి ప్రపంచవ్యాప్తంగా బాగా ఇష్టమైన కార్లలో ఇదొకటి. దీని ప్రధాన మోడళ్లకు కంపెనీ ఇచ్చిన రిమ్ 17 అంగుళాలు, వెడల్పు 7 అంగుళాలు, ఆఫ్‌సెట్ 48. టైరు 215/45 ఆర్17. కారు ఏదైనా లెక్క మాత్రం ఇదే.

ఆఫ్‌సెట్ అంటే?

రిమ్ వెడల్పుకు సరిగ్గా మధ్యలో ఒక గీత ఊహించుకోండి. కారు హబ్‌కు రిమ్ ఆనుకునే భాగం ఆ గీత నుంచి ఎంత దూరంలో ఉందో చెప్పేదే ఆఫ్‌సెట్. దీన్ని మిల్లీమీటర్లలో కొలుస్తారు. రిమ్ మీద కనిపించే ‘ఈటీ’ అనే అక్షరాలు జర్మన్ మాట ‘ఐన్‌ప్రెస్‌టీఫే’ నుంచి వచ్చాయి. ఈటీ 48 అంటే ఆనుకునే భాగం మధ్యగీత కన్నా 48 మి.మీ. బయటివైపు ఉందని అర్థం. ఈ అంకె పెరిగితే చక్రం లోపలికి వెళ్తుంది, తగ్గితే బయటికి వస్తుంది.

రెండు వైపులా లెక్క

రిమ్ వెడల్పులో సగం తీసుకోండి. దాంట్లోంచి ఆఫ్‌సెట్ తీసేస్తే హబ్ నుంచి బయటి అంచు ఎంత దూరమో వస్తుంది. ఆఫ్‌సెట్ కలిపితే లోపలి అంచు దూరం వస్తుంది. 7 అంగుళాలంటే 177.8 మి.మీ., అందులో సగం 88.9. ఈటీ 48తో బయటికి 40.9, లోపలికి 136.9 మి.మీ. ఇది కంపెనీ కొలత.

ఇప్పుడు 18 అంగుళాల, 8 అంగుళాల వెడల్పున్న రిమ్ వేయాలనుకుందాం. దాని వెడల్పులో సగం 101.6 మి.మీ.

ఈటీ 48 అయితే: బయటికి 12.7, లోపలికి 12.7 మి.మీ. పెరుగుతుంది.

ఈటీ 45 అయితే: బయటికి 15.7, లోపలికి 9.7 మి.మీ. పెరుగుతుంది.

ఈటీ 35 అయితే: లోపలివైపు దాదాపు మార్పు ఉండదు. బయటికి మాత్రం 25.7 మి.మీ. వస్తుంది.

అంటే ఈటీ 48 రిమ్‌తో స్ట్రట్ వైపు ఖాళీ బాగా తగ్గుతుంది. ఈటీ 35తో ఆ భయం లేదు కానీ ఫెండర్ కింద చోటు చాలకపోవచ్చు. పైగా చక్రం మధ్యభాగమే 13 మి.మీ. బయటికి జరుగుతుంది. దాంతో వీల్ బేరింగ్‌పై భారం పెరుగుతుంది. గతుకుల్లో స్టీరింగ్ చేతిలో ఎక్కువగా లాగుతుంది. రోజూ రోడ్డు మీద తిరిగే కారుకు, లోపల చోటుంటే, ఈటీ 45 దగ్గర ఉండే రిమ్ మేలు. చోటు ఉందో లేదో దుకాణదారు మాట మీద వదిలేయకుండా స్వయంగా కొలవాలి. ఇప్పుడున్న టైరుకూ స్ట్రట్‌కూ మధ్య ఖాళీలోంచి కొత్త రిమ్, టైరు పెంచే వెడల్పు తీసేశాక కనీసం 5 మి.మీ. మిగలాలి.

టైరు ఎత్తు మారకూడదు

215/45 ఆర్17లో 215 అనేది మి.మీ.లలో టైరు వెడల్పు. పక్కగోడ ఎత్తు అందులో 45 శాతం, అంటే 96.75 మి.మీ. పైనా కిందా రెండు గోడలు, 17 అంగుళాల రిమ్ కలిపితే టైరు మొత్తం వ్యాసం 625.3 మి.మీ. కొత్త టైరు దీనికి వీలైనంత దగ్గరగా ఉండాలి.

18 అంగుళాల రిమ్‌కు 215/40 వేస్తే వ్యాసం 629.2 మి.మీ., తేడా 0.6 శాతం. 225/40 వేస్తే 637.2 మి.మీ., తేడా 1.9 శాతం. రెండోదానితో స్పీడోమీటర్ చూపే వేగం కన్నా కారు దాదాపు 2 శాతం ఎక్కువ దూరం పోతుంది. ఓడోమీటర్ లెక్క కూడా అంతే తేడా చూపుతుంది. ఈ మేరకు తేడాను సాధారణంగా సర్దుకోవచ్చు. 3 శాతం దాటితే ఆ సైజు వదిలేయడమే మంచిది. ఒకే కారు ముందు వెనుక చక్రాల వ్యాసాల్లో తేడా వస్తే ఏబీఎస్, స్టెబిలిటీ కంట్రోల్ కూడా తికమకపడతాయి.

మన రోడ్ల సంగతి మరో ముఖ్య విషయం. 215/40 ఆర్18 పక్కగోడ 86 మి.మీ. మాత్రమే, పాతదాని కన్నా 10 మి.మీ.కు పైగా తక్కువ. గుంతలో పడినప్పుడు దెబ్బను ఆపుకొనే రబ్బరు, గాలి అంతమేరకు తగ్గాయన్నమాట. రిమ్ వంగడం, టైరు గోడకు బుడగ రావడం పెరిగేది ఇందువల్లే. వానాకాలంలో గుంతలు నీటితో కనిపించని దారుల్లో తిరిగేవారు 17 అంగుళాల రిమ్‌నే ఉంచుకుని 225/45 వేసుకోవడం గురించి ఆలోచించవచ్చు. దాని వ్యాసం 634.3 మి.మీ., తేడా 1.4 శాతం. పక్కగోడ 101 మి.మీ.కు పైనే ఉంటుంది.

టైరు మోసే బరువును లోడ్ ఇండెక్స్ చెబుతుంది. 87 అంటే ఒక్కో టైరు 545 కిలోలు మోస్తుంది, 91 అంటే 615 కిలోలు. కారుకు కంపెనీ నిర్ణయించిన అంకె కన్నా తక్కువ ఉన్న టైరు ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. వేగం అక్షరం విషయంలోనూ ఇదే పాటించాలి.

బోల్టులు, బోర్, స్పేసర్లు

టయోటా 86కు 5 బోల్టులు, 100 మి.మీ. వృత్తం, హబ్ బోర్ 56.1 మి.మీ. బోల్టు వృత్తం 112 లేదా 114.3 ఉన్న రిమ్ దీనికి సరిపోదు, బలవంతంగా బిగించకూడదు. రిమ్ మధ్య రంధ్రం 56.1 కన్నా పెద్దదైతే హబ్ రింగ్ వేయాలి. లేకుంటే వేగంలో స్టీరింగ్ వణుకుతుంది. స్పేసర్ వేస్తే దాని మందం అంత ఆఫ్‌సెట్ తగ్గుతుంది. ఈటీ 45 రిమ్‌కు 10 మి.మీ. స్పేసర్ వేస్తే ఈటీ 35 అయినట్టే. నట్టు బిగుసుకునే మరలు తగినన్ని మిగలకపోతే అది చక్రం ఊడేదాకా తెస్తుంది.

చట్టం, బీమా

మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్ ప్రకారం, రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీదారు మొదట పేర్కొన్న వాటికి భిన్నంగా మారేలా వాహనాన్ని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ విషయాన్ని గట్టిగా చెప్పింది. తయారీదారు తమ ఓనర్ మాన్యువల్‌లో ఇచ్చిన ప్రత్యామ్నాయ సైజుల్లో ఉండటం సురక్షితం. వీల్స్ మార్చిన సంగతి బీమా కంపెనీకి రాతపూర్వకంగా తెలపాలి. చెప్పకపోతే ప్రమాదం జరిగాక క్లెయిమ్‌పై వివాదం రావచ్చు.

బిగించాక చూడాల్సినవి

ఒక చక్రం బిగించాక స్టీరింగ్‌ను రెండు వైపులా చివరిదాకా తిప్పండి. కారులో పూర్తి బరువు ఎక్కించి ఇంకోసారి చూడండి. దాదాపు వంద కిలోమీటర్లు తిరిగాక నట్లను తయారీదారు చెప్పిన టార్క్‌కు మళ్లీ సరిచూసుకుని, టార్చిలైటుతో టైరు లోపలి గోడను పరిశీలించండి. అక్కడ మెరిసే గీత కనిపిస్తే టైరు ఎక్కడో రాసుకుంటోందని అర్థం. కారణం తెలుసుకుని సరిచేసేదాకా ఆ కారుతో హైవే ఎక్కవద్దు.